ఏడబ్ల్యూఎస్ కమాండ్ లైన్‌కు అథెంటికేషన్ అమర్చుకునే విధానం

కొత్త కంప్యూటర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ కమాండ్ లైన్ క్లయింట్‌ను ఇన్‌స్టాల్ చేయడం కష్టమైన పనేమీ కాదు. మొదటి కమాండ్ ఇవ్వగానే, క్రెడెన్షియల్స్ (మనమెవరో రుజువు చేసే వివరాలు) ఎక్కడా దొరకడం లేదంటూ అది మొండికేసినప్పుడే అసలు పని మొదలవుతుంది. ఆ సందేశం చూడగానే చాలామంది వెబ్ కన్సోల్‌లోకి వెళ్లి ఒక యాక్సెస్ కీ పుట్టించి, దాన్ని టెర్మినల్‌లో అతికించి, గండం గడిచిందనుకుని ముందుకు సాగిపోతారు. గడిచిన మాట నిజమే. అయితే ఆరు నెలల తర్వాత ఆ కీ ఎవరిది, ఏయే యంత్రాల్లో ఉంది, దానికి ఎంత అధికారం ఉంది అని అడిగితే జవాబు చెప్పగలిగేవారు తక్కువ. అందుకే ఈ వ్యాసంలో ప్రతి దశలోనూ ఒకే ప్రశ్నను పట్టుకుని నడుస్తాను: ఈ క్షణాన నా టెర్మినల్ ఎవరి పేరుతో మాట్లాడుతోంది, ఆ పేరు దానికి ఎక్కడి నుంచి వచ్చింది?

కమాండ్‌లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. మధ్యలో కనిపించే అడ్డగీతలు కూడా కమాండ్‌లో భాగమే.

ముందుగా "ఏడబ్ల్యూఎస్ --వెర్షన్" అని అడిగి, జవాబులో వెర్షన్ సంఖ్య 2తో మొదలవుతోందో లేదో చూసుకోండి. రెండో వెర్షన్ 2020లో వచ్చింది. 1 అని చూపిస్తే దాన్ని తీసేసి రెండోది వేసుకోవాలి, ఎందుకంటే కింద చెప్పబోయే బ్రౌజర్ లాగిన్ పద్ధతి మొదటి వెర్షన్‌లో లేదు.

లోపల జరిగేది

క్లయింట్ దగ్గర ఉండే క్రెడెన్షియల్స్‌లో ప్రధానమైనవి రెండు: 20 అక్షరాల యాక్సెస్ కీ ఐడీ, 40 అక్షరాల సీక్రెట్ కీ. మనం కమాండ్ ఇచ్చిన ప్రతిసారీ ఐడీ మాత్రమే అభ్యర్థనతో పాటు వెళ్తుంది. సీక్రెట్ మన యంత్రాన్ని దాటదు. దానితో అభ్యర్థనకు ఒక సంతకం తయారవుతుంది, ఆ సంతకంలో తేదీ, సమయం, రీజియన్ (సర్వర్లు ఉన్న భౌగోళిక ప్రాంతం), సర్వీసు పేరు అన్నీ కలిసి ఉంటాయి. అవతలి వైపు అదే లెక్క వేసి, రెండు సంతకాలూ సరిపోలితేనే లోపలికి రానిస్తారు. ఈ సంగతి తెలిస్తే తర్వాత కనిపించే సగం చిక్కులు వాటంతట అవే అర్థమవుతాయి. ఉదాహరణకు, కంప్యూటర్ గడియారం చాలా నిమిషాలు వెనకబడితే కీ సరైనదే అయినా సంతకం చెల్లదు. విండోస్ లోపల లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడేవారు ల్యాప్‌టాప్‌ను మూసి, కొన్ని గంటల తర్వాత తెరిచినప్పుడు లోపలి లినక్స్ గడియారం ఆగిన చోటే ఉండిపోవడం, అప్పటిదాకా చక్కగా పనిచేసిన కమాండ్ సంతకం చెల్లలేదనడం ఇందుకు మామూలుగా కనిపించే రూపం.

కీ ఐడీ మొదటి నాలుగు అక్షరాలు కూడా ఒక కథ చెబుతాయి. ఏకేఐఏ అని మొదలైతే అది మనం తొలగించేదాకా బతికే శాశ్వత కీ. ఏఎస్ఐఏ అని మొదలైతే గడువు తీరితే చచ్చిపోయే తాత్కాలిక కీ. దానికి సెషన్ టోకెన్ అనే మూడో ముక్క కూడా తోడుండాలి. తన కంప్యూటర్‌లో ఏకేఐఏ కీ ఒక్కటి కూడా లేకుండా చూసుకోవడం ప్రతి డెవలపర్‌కూ మంచిదని నా అభిప్రాయం. అది ఎప్పుడూ సాధ్యం కాకపోవచ్చు, కానీ ప్రయత్నం ఆ దిశగానే ఉండాలి.

అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చిన ఈమెయిల్‌తో లాగిన్ అయ్యే రూట్ యూజర్‌కు మాత్రం యాక్సెస్ కీలు సృష్టించవద్దు. ఆ కీ చేయలేని పని దాదాపుగా ఉండదు, దానికి ఐఏఎం (ఎవరికి ఏ అనుమతి ఉందో నియంత్రించే సర్వీసు) పాలసీలతో కళ్లెం వేయడమూ కుదరదు. ఇంతకుముందే సృష్టించి ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి, ముందు దాన్ని తొలగించి రండి.

బ్రౌజర్ ద్వారా లాగిన్

మీ సంస్థలో ఐఏఎం ఐడెంటిటీ సెంటర్ (ఒకే ఆఫీసు లాగిన్‌తో ఏడబ్ల్యూఎస్ అకౌంట్లన్నిటిలోకీ వెళ్లనిచ్చే సర్వీసు) అమర్చి ఉంటే మీకు కావలసిన దారి ఇదే. 2022 వరకు దీన్ని ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఓ అనేవారు. కమాండ్‌లలో ఇప్పటికీ ఆ పాత పేరే మిగిలింది. మీ అడ్మినిస్ట్రేటర్ దగ్గర రెండు వివరాలు తీసుకోండి: స్టార్ట్ యూఆర్ఎల్ (లాగిన్ పేజీ చిరునామా), ఐడెంటిటీ సెంటర్ ఉన్న రీజియన్.

టెర్మినల్‌లో "ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ ఎస్ఎస్ఓ" అని ఇవ్వండి. మొదట సెషన్ పేరు అడుగుతుంది. సంస్థను గుర్తుచేసే చిన్న పేరు ఏదైనా ఇవ్వవచ్చు. తర్వాత స్టార్ట్ యూఆర్ఎల్. ఆపైన ఎస్ఎస్ఓ రీజియన్. కొత్తవారు తరచుగా తప్పటడుగు వేసేది ఇక్కడే. మీ సర్వర్లు ముంబయిలో ఉన్నాయి కనుక ఏపీ-సౌత్-1 అని ఇచ్చేయాలనిపిస్తుంది, కానీ అడుగుతున్నది సర్వర్లు ఉన్న చోటు కాదు, ఐడెంటిటీ సెంటర్‌ను నెలకొల్పిన చోటు. ప్రధాన కార్యాలయం అమెరికాలో ఉన్న సంస్థల్లో అది తరచుగా యూఎస్-ఈస్ట్-1 అయి ఉంటుంది. ఇది తప్పితే లాగిన్ అక్కడే ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ స్కోప్స్ గురించి అడిగినప్పుడు సూచించిన విలువనే ఉంచి ఎంటర్ నొక్కండి.

ఇప్పుడు బ్రౌజర్ తెరుచుకుంటుంది. మామూలుగా ఆఫీసు లాగిన్ ఎలా చేస్తారో అలాగే చేసి, అనుమతిస్తున్నట్టు నొక్కి, మళ్లీ టెర్మినల్‌కు రండి. మీకు అందుబాటులో ఉన్న అకౌంట్లు, వాటిలో మీకున్న రోల్‌లు (తాత్కాలికంగా ధరించగల అనుమతుల మూటలు) అక్కడ కనిపిస్తాయి. బాణం మీటలతో ఎంచుకోవాలి. అధికారం ఎక్కువ ఉన్న రోల్ కనిపించగానే దాన్ని పట్టుకోవద్దు. రోజువారీ పనికి సరిపోయేది చాలు. చివర్లో డిఫాల్ట్ రీజియన్, అవుట్‌పుట్ రూపం, ప్రొఫైల్ (ఈ సెట్టింగ్‌లన్నిటినీ ఒక పేరు కింద దాచేది) పేరు అడుగుతుంది. క్లయింట్ తనంతట తాను సూచించే ప్రొఫైల్ పేరులో రోల్ పేరు, 12 అంకెల అకౌంట్ సంఖ్య కలిసి చేంతాడంత ఉంటుంది. దాన్ని అంగీకరిస్తే రోజుకు యాభైసార్లు అదే టైప్ చేయాల్సి వస్తుంది. "డెవ్", "టెస్ట్", "ప్రాడ్-చూపు" వంటి పొట్టి పేర్లు పెట్టుకోండి, అయితే ఆ పేరు చూడగానే ఏ అకౌంటో, ఎంత అధికారమో తెలిసిపోవాలి.

మర్నాడు మళ్లీ ఈ ప్రశ్నలన్నీ ఎదుర్కోనక్కర్లేదు. "ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఓ లాగిన్ --ప్రొఫైల్ డెవ్" అంటే చాలు. మార్చకపోతే ఈ లాగిన్ (పోర్టల్ సెషన్) గడువు 8 గంటలు. అది బతికి ఉన్నంతసేపూ రోల్ తాలూకు తాత్కాలిక కీలను క్లయింట్ తానే కొత్తవిగా తెచ్చుకుంటూ ఉంటుంది. ఇతరులు కూడా వాడే యంత్రమైతే పని ముగిశాక "ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఓ లాగౌట్" ఇవ్వడం మరవద్దు.

ఎస్ఎస్‌హెచ్ ద్వారా వేరే యంత్రంలోకి వెళ్లి పనిచేస్తున్నప్పుడు అక్కడ బ్రౌజర్ ఉండదు. లాగిన్ కమాండ్ చివర "--యూజ్-డివైస్-కోడ్" చేర్చితే ఒక లింకు, ఒక కోడ్ కనిపిస్తాయి. ఆ లింకును మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి కోడ్ సరిచూసుకుని అనుమతించవచ్చు. ఈ సౌకర్యంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. మీరు మొదలుపెట్టని లాగిన్‌కు చెందిన లింకును ఎవరైనా చాట్‌లో పంపి, ఒక్కసారి నొక్కమంటే, పంపినవారు ఎంత తెలిసినవారైనా నొక్కకండి. మీరు అనుమతించిన మరుక్షణం వారి టెర్మినల్ మీ పేరుతో మాట్లాడటం మొదలుపెడుతుంది.

సొంత అకౌంట్‌తో నేర్చుకుంటున్న విద్యార్థులకు ఐడెంటిటీ సెంటర్ పెద్ద హంగామాగా అనిపించవచ్చు. క్లయింట్ తాజా విడుదలల్లో "ఏడబ్ల్యూఎస్ లాగిన్" అనే కమాండ్ ఉంది. అది వెబ్ కన్సోల్ లాగిన్‌నే ఆధారం చేసుకుని తాత్కాలిక కీలు తెస్తుంది. మీ క్లయింట్ ఆ కమాండ్‌ను గుర్తిస్తే శాశ్వత కీల జోలికి వెళ్లకుండా దాన్నే వాడండి.

శాశ్వత కీ తప్పనిసరైనప్పుడు

పాత సాధనాలు, సంస్థ బయటి యంత్రాలు, కొన్ని బ్యాకప్ ప్రోగ్రాముల వల్ల శాశ్వత కీ తప్పని సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఆ పనికోసమే ఒక ఐఏఎం యూజర్‌ను సృష్టించి, ఆ పనికి కావలసిన అనుమతులు మాత్రమే ఇచ్చి, యాక్సెస్ కీ తీయండి. సీక్రెట్ కీ తెరమీద కనిపించేది ఆ ఒక్కసారే. పేజీ మూసేశాక దాన్ని తిరిగి చూపించే మార్గం లేదు, పోతే కొత్తది తీసుకోవాల్సిందే.

"ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ --ప్రొఫైల్ బ్యాకప్" అని ఇస్తే నాలుగు ప్రశ్నలు వస్తాయి: కీ ఐడీ, సీక్రెట్, డిఫాల్ట్ రీజియన్, అవుట్‌పుట్ రూపం. స్క్రీన్ షేర్‌లో ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. సీక్రెట్‌ను కాపీ చేసేటప్పుడు డబుల్ క్లిక్‌ను నమ్మకండి. సీక్రెట్‌లో ఏటవాలు గీత, కూడిక గుర్తు రావచ్చు. అలాంటి గుర్తు తగలగానే డబుల్ క్లిక్ ఎంపిక ఆగిపోతుంది, 40 అక్షరాలకు బదులు 27 అక్షరాలో 31 అక్షరాలో కాపీ అవుతాయి. క్లయింట్ దాన్ని మారుమాట లేకుండా తీసుకుంటుంది. తర్వాత సంతకం సరిపోలడం లేదన్న సందేశం చూసి మీరు అనుమతుల పేజీల్లో తిరుగుతూ ఉంటారు. నేను ఒక సాయంత్రమంతా అలాగే తిరిగాను.

రెండు ఫైళ్లు, ఒక మాట

ఈ సెట్టింగ్‌లన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే ఏడబ్ల్యూఎస్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. అందులో రెండు ఫైళ్లు ముఖ్యం. కాన్ఫిగ్ అనే ఫైల్‌లో రీజియన్లు, ఎస్ఎస్ఓ వివరాలు, రోల్‌లు ఉంటాయి. క్రెడెన్షియల్స్ అనే ఫైల్‌లో శాశ్వత కీలు ఎలాంటి ముసుగూ లేకుండా మామూలు అక్షరాల్లో ఉంటాయి. అది చదవగలిగిన ప్రతి ప్రోగ్రామూ ఆ కీని వాడగలదు. లినక్స్, మ్యాక్ యంత్రాల్లో దాని పర్మిషన్ 600గా (యజమాని మాత్రమే చదవగల, రాయగల స్థితిలో) ఉందో లేదో చూసుకోండి.

ఈ ఫైళ్లను చేత్తో మార్చేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. కాన్ఫిగ్ ఫైల్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య "ప్రొఫైల్ డెవ్" అని రాయాలి. క్రెడెన్షియల్స్ ఫైల్‌లో అదే శీర్షికను "డెవ్" అని మాత్రమే రాయాలి. డిఫాల్ట్‌కు రెండు చోట్లా ప్రొఫైల్ అనే మాట అక్కర్లేదు. ఒక ఫైల్‌లోని పేరాను రెండో ఫైల్‌లోకి అలాగే అతికిస్తే, ప్రొఫైల్ కళ్లముందే ఉన్నా అది లేదని క్లయింట్ వాదిస్తుంది. ఎందుకిలా పెట్టారని అడగవద్దు. ఎన్నో ఏళ్ల అలవాటు అలా స్థిరపడిపోయింది.

రోల్ ద్వారా మరో అకౌంట్‌లోకి వెళ్లడం కూడా కాన్ఫిగ్ ఫైల్‌లోని మూడు వరుసల పనే. కొత్త ప్రొఫైల్ శీర్షిక కింద రోల్-ఏఆర్ఎన్ వరుసలో ఆ రోల్ పూర్తి చిరునామా, సోర్స్-ప్రొఫైల్ వరుసలో మీ అసలు ప్రొఫైల్ పేరు, ఎంఎఫ్ఏ-సీరియల్ వరుసలో మీ ఎంఎఫ్ఏ పరికరం (లాగిన్‌కు రెండో రుజువుగా కోడ్ ఇచ్చే ఫోన్ వంటిది) చిరునామా ఇవ్వాలి. ఫైల్‌లో ఈ మూడు పేర్లలోనూ మాటల మధ్య ఉండేది అడ్డగీత కాదు, అండర్‌స్కోర్. సోర్స్ ప్రొఫైల్‌లో శాశ్వత కీ ఉంటే, కమాండ్ ఇచ్చినప్పుడు క్లయింట్ ఆరు అంకెల కోడ్ అడిగి, మామూలుగా ఒక గంట చెల్లే తాత్కాలిక కీలు తెచ్చుకుంటుంది. ఇలా అమర్చిన తర్వాత యూజర్‌కు నేరుగా ఉన్న అనుమతులన్నీ తీసేసి, ఆ రోల్‌లోకి వెళ్లే అనుమతి ఒక్కటే మిగల్చడం మంచిది. అప్పుడు కీ దొంగ చేతికి చిక్కినా, ఫోన్ కూడా చిక్కితే తప్ప వాడికి దానితో ఉపయోగం ఉండదు. రోల్ తాలూకు ట్రస్ట్ పాలసీలో (ఆ రోల్‌లోకి ఎవరు రావచ్చో చెప్పే నియమాల్లో) ఎంఎఫ్ఏ తప్పనిసరి అన్న షరతు ఉంటేనే ఇది నిజమని గమనించాలి. కాన్ఫిగ్ ఫైల్‌లో రాసినంత మాత్రాన అది రక్షణ కాదు.

ఎవరిగా మాట్లాడుతున్నాం

అమరిక ముగిసిందనుకున్నాక తప్పక ఇవ్వాల్సిన కమాండ్ "ఏడబ్ల్యూఎస్ ఎస్టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ". దీనికి ప్రత్యేక అనుమతేమీ అక్కర్లేదు. జవాబులో మూడు విలువలు వస్తాయి: యూజర్ ఐడీ, 12 అంకెల అకౌంట్ సంఖ్య, ఏఆర్ఎన్ (పూర్తి చిరునామా). చూడాల్సింది చివరి రెండూ. ఏఆర్ఎన్‌లో "అస్యూమ్డ్-రోల్" అన్న మాట ఉంటే మీరు రోల్‌గా మాట్లాడుతున్నారు, దాని వెనక రోల్ పేరు కనిపిస్తుంది. "యూజర్" అని ఉంటే ఐఏఎం యూజర్‌గా మాట్లాడుతున్నారు, తరచుగా దాని వెనక ఏదో శాశ్వత కీ ఉంటుంది. "రూట్" అని ఉంటే చేతులు కీబోర్డు మీది నుంచి తీసేయండి.

ఆశించిన పేరు కాకుండా మరో పేరు కనిపించినప్పుడు "ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ లిస్ట్" ఇవ్వండి. ఇది కీ చివరి నాలుగు అక్షరాలతో పాటు, ఆ కీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (టెర్మినల్ గుర్తుంచుకునే విలువ) నుంచి వచ్చిందా, ఫైల్ నుంచి వచ్చిందా, ఎస్ఎస్ఓ నుంచి వచ్చిందా అన్నదీ చూపిస్తుంది. నాకు జరిగిన సంగతి ఇదే. చాలా కాలం క్రితం ఒక ప్రాజెక్టు కోసం షెల్ స్టార్టప్ ఫైల్‌లో రెండు ఎక్స్‌పోర్ట్ వరుసలు రాసి మరిచిపోయాను. తర్వాత వేరే సంస్థలో చేరి, ఎస్ఎస్ఓ అమర్చుకుని, ప్రొఫైల్ పేరును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టుకున్నాను. బ్రౌజర్‌లో లాగిన్ విజయవంతమైందని పచ్చని గుర్తు కూడా కనిపించింది. కమాండ్‌లు మాత్రం పాత కీతోనే వెళ్తున్నాయి. ఎన్విరాన్‌మెంట్‌లో కీలు, ప్రొఫైల్ పేరు రెండూ ఉంటే కీలదే పైచేయి అవుతుంది. కమాండ్‌లోనే "--ప్రొఫైల్" అని స్పష్టంగా చెబితే మాత్రం ఆ ప్రొఫైలే నెగ్గుతుంది. అందుకే కీలకమైన పనులు చేసే స్క్రిప్టుల్లో ప్రొఫైల్‌ను ప్రతి కమాండ్‌లోనూ రాయడం నాకు అలవాటైంది.

తప్పు సందేశాల్లో ప్రతిదానికీ వేరే అర్థం ఉంది, వాటిని ఒకే గాటన కట్టకూడదు. "యాక్సెస్ డినైడ్" అంటే అథెంటికేషన్ విజయవంతమైందని అర్థం. మీరెవరో తెలిసింది, ఆ పనికి అనుమతి లేదంతే. అప్పుడు కీలు మార్చడం వృథా ప్రయాస. "ఎక్స్‌పైర్డ్ టోకెన్" అంటే మళ్లీ లాగిన్ అవ్వాలి. "సిగ్నేచర్ డజ్ నాట్ మ్యాచ్" అంటే సీక్రెట్‌నో గడియారాన్నో అనుమానించాలి. "ఇన్‌వ్యాలిడ్ క్లయింట్ టోకెన్ ఐడీ" అంటే ఆ కీ ఐడీని లేదా సెషన్ టోకెన్‌ను అవతలివారు గుర్తించలేదు: కీని తొలగించి ఉండవచ్చు, నిలిపివేసి ఉండవచ్చు, లేదా కొత్త కీ పక్కన పాత సెషన్ టోకెన్ వేరియబుల్ ఇంకా వేలాడుతూ ఉండవచ్చు.

ఇదే సందేశానికి ఇంకో కారణం ఉంది, హైదరాబాద్ రీజియన్ వాడదలచిన మనవాళ్లకు అది ఎక్కువగా తగులుతుంది. 2016లో మొదలైన ముంబయి రీజియన్ ప్రతి అకౌంట్‌లోనూ తెరిచే ఉంటుంది. 2022 నవంబరులో వచ్చిన హైదరాబాద్ రీజియన్, అంటే ఏపీ-సౌత్-2, మనం తెరిచేదాకా మూసి ఉంటుంది. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లన్నిటికీ ఇదే నియమం. మూసి ఉన్న రీజియన్‌ను డిఫాల్ట్‌గా పెట్టుకుంటే అక్కడి సర్వీసులకు మీ అకౌంట్ ఎవరిదో తెలియదు కనుక, నిక్షేపంగా ఉన్న కీని కూడా చెల్లదంటాయి. రెండో వెర్షన్ క్లయింట్ ఎస్టీఎస్‌ను (తాత్కాలిక కీలు ఇచ్చే, మనమెవరో చెప్పే సర్వీసును) కూడా ఆ రీజియన్‌లోనే పలకరిస్తుంది కాబట్టి గెట్-కాలర్-ఐడెంటిటీ సైతం విఫలమవుతుంది. అదే కమాండ్ చివర "--రీజియన్ ఏపీ-సౌత్-1" చేర్చి చూడండి. జవాబు వస్తే కీలో దోషం లేదు. తగిన అనుమతి ఉంటే కన్సోల్‌లోని అకౌంట్ పేజీలో హైదరాబాద్‌ను ఎనేబుల్ చేయవచ్చు; అది పూర్తిగా అమల్లోకి రావడానికి కొంత సమయం పడుతుంది.

సర్వర్లలో, కీ మార్చేటప్పుడు

ఈసీ2 (ఏడబ్ల్యూఎస్‌లో అద్దెకు తీసుకునే) సర్వర్‌లోకి లాగిన్ అయి "ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్" ఇవ్వాలనిపిస్తే ఆగండి. ఆ సర్వర్‌కు ఒక ఐఏఎం రోల్ తగిలిస్తే, క్లయింట్ తాత్కాలిక కీలను సర్వర్ మెటాడేటా నుంచి తానే తీసుకుంటుంది. ఫైల్‌లో రాయాల్సింది రీజియన్ తప్ప మరేమీ ఉండదు. పైగా, క్లయింట్ వెతికే వరుసలో సర్వర్ రోల్ అందరికంటే చివరిది. ఎవరో ఎప్పుడో వదిలేసిన క్రెడెన్షియల్స్ ఫైల్ ఒకటి ఉంటే రోల్‌ను కాదని క్లయింట్ దాన్నే పట్టుకుంటుంది. రోల్ తగిలించాక ఆ ఫైల్‌ను తొలగించడం కూడా పనిలో భాగమే.

ఒక్కో ఐఏఎం యూజర్‌కు రెండు యాక్సెస్ కీలు మాత్రమే ఉండగలవు. రెండోది ఉన్నది మార్పిడి కోసం: కొత్త కీ తీసి, అది వాడే చోట్లన్నిటా పెట్టి, పాతదాన్ని వెంటనే తొలగించకుండా ముందు నిలిపివేయాలి. కన్సోల్‌లో కీ చివరిసారి ఎప్పుడు, ఏ సర్వీసుకు వాడబడిందో కనిపిస్తుంది. నెలాఖరుకు మాత్రమే నడిచే స్క్రిప్టు ఏదైనా ఉంటే అది ఆగినప్పుడు తెలుస్తుంది కాబట్టి, కనీసం ఒక నెలాఖరు గడిచేదాకా నిలిపివేసిన స్థితిలోనే ఉంచి ఆపైన తొలగించండి.

కీ బయటపడిన సందర్భంలో మాత్రం ఈ నిదానం పనికిరాదు. గిట్‌లోకి పొరపాటున వెళ్లిన కీని తర్వాతి కమిట్‌లో చెరిపేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. గిట్‌హబ్‌లో బహిరంగంగా కనిపించిన కీకి ఏడబ్ల్యూఎస్ తనంతట తాను క్వారంటైన్ పాలసీ ఒకటి తగిలించవచ్చు, కానీ అది కొన్ని పనులనే అడ్డుకుంటుంది, కీని చంపదు. ముందు కీని నిలిపివేయండి, ఆగిపోయే సర్వీసుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆపైన క్లౌడ్‌ట్రెయిల్‌లో (అకౌంట్‌లో జరిగిన పనుల చిట్టాలో) గత 90 రోజుల ఈవెంట్లను ఆ కీ ఐడీతో వడగట్టి, మీరు సృష్టించని యూజర్లు, రోల్‌లు, కొత్త కీలు ఏమైనా పుట్టాయేమో ఒక్కొక్క రీజియన్‌లో వెతకండి. మీరు ఎన్నడూ వాడని రీజియన్లనూ వదలకండి.